తాత రైఫిల్, నాన్న సంతకం

ఈ వారం ఉత్తరం విజయవాడ నుంచి వచ్చింది. రాసినావిడకు నలభై ఆరేళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. ఎనిమిది పేజీలు రాశారు. పేర్లు, ఊరు తీసేసి సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడ పుట్టిల్లు ఖమ్మం వైపు, అడవి అంచున ఉన్న ఊరు. వాళ్ళ తాతగారు 1962లో ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన .315 రైఫిల్ ఒకటి కొన్నారు. ఆ రోజుల్లో అటువైపు వేట మామూలే. ఒకసారి అడవిపంది మీదికొస్తే చెట్టెక్కే కంగారులో ఆయన రైఫిల్ జారవిడిచారట. చెయ్యి పట్టుకునే సన్నని చోట చెక్క పగిలింది. ఊరి వడ్రంగి రాగి తీగ చుట్టి బిగించాడు. ఆ తీగ ఇంకా అలాగే ఉంది. 1984లో తాతగారు పోయాక లైసెన్సు నాన్నగారి పేరు మీదికి మారింది. తర్వాత అన్నలు (నక్సలైట్లు) ఇళ్ళకొచ్చి తుపాకులు పట్టుకుపోతున్నారన్న భయంతో స్టేషన్లో డిపాజిట్ చేశారు. పదకొండేళ్ళు మాల్‌ఖానాలో (స్టేషన్ సామాన్ల గది) పడి ఉండి, తుప్పుపట్టి ఇంటికి తిరిగొచ్చింది.

ఇప్పుడు నాన్నగారికి ఎనభై నిండాయి. సహస్ర చంద్ర దర్శనం చేయించాలని పిల్లలు, ‘మీ అమ్మ లేకుండా నాకెందుకు ఆ పీటలు’ అని ఆయన. అమ్మగారు పోయి పద్నాలుగు నెలలైంది. ఎలాగో ఒప్పించి, ఆ రోజున రైఫిల్‌ని కొత్తదానిలా చేయించి నాన్న చేతిలో పెట్టాలని ఈవిడ కోరిక. ఆయనకు తెలియకుండా కారులో విజయవాడ తెచ్చేయాలనుకుంటున్నారు. ఫర్నిచర్ చేసే వడ్రంగికి ఫోటో చూపిస్తే, ‘తెచ్చివ్వండి మేడం, వారంలో బఫింగ్ కొట్టి అద్దంలా చేసిస్తా’ అన్నాడట. గొట్టం మీద తాతగారి పేరు చెక్కించాలని కూడా అనుకున్నారు. పని అయ్యేదాకా విడిభాగాలు బ్యాంకు లాకర్లో పెడతానని రాశారు.

ఈ మాట అన్నదమ్ముల చెవిన పడింది. డాలస్‌లో ఉన్న అన్నయ్య, ‘ఇక్కడికి పంపించు, మంచి గన్‌స్మిత్ చేత స్కోప్ పెట్టించి కస్టమ్ చేయిస్తాను, అసలది పెద్ద మనవడికి రావాల్సింది’ అన్నారు. ఆ మనవడికి పందొమ్మిదేళ్ళు, అక్కడే పుట్టాడు. ఊళ్ళో నాన్న దగ్గరుండే తమ్ముడికేమో మొక్కజొన్న చేను పందుల పాలవుతోందన్న బాధ. ‘బాగు చేయిస్తే నాకివ్వండి, నాన్నని చూసుకుంటున్నది నేనే కదా’ అన్నాడు. ఫోన్లలో మాటా మాటా పెరిగింది. ‘నేను నాన్నకు ఇవ్వాలనుకున్న బహుమతి అందరికీ ఆస్తి తగాదా అయిపోయింది. నేను చేస్తున్నది తప్పా?’ అని ఈవిడ ప్రశ్న.

ఏడో పేజీలో, వేరే విషయం చెబుతూ, నాలుగు వాక్యాలు రాశారు. అవి ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను: ‘అమ్మ పోయినప్పటి నుంచి నాన్న రాత్రుళ్ళు సరిగా పడుకోవడం లేదు. చేతి గడియారం తమ్ముడి కొడుక్కిచ్చేశారు, ఎడ్లబండి అమ్మేశారు, ఏదడిగినా ఇంక నాకెందుకమ్మా అంటారు. మొన్న ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసిన రైఫిల్‌ని తమ్ముడితో కూడా చెప్పకుండా ఒక్కరే ఆటోలో వెళ్ళి తెచ్చుకున్నారు, మంచం కింద పెట్టుకున్నారు. ఒక్క దాని గురించి మాత్రం అడుగుతారు, బాగు చేయించమ్మా అని.’

అమ్మా, నేను కలెక్టరేట్‌లో మెజిస్టీరియల్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. తుపాకీ లైసెన్సుల ఫైళ్ళు నా బల్ల మీద నుంచే వెళ్ళేవి. అందుకే కాబోలు మీ ఉత్తరం ఇటు పంపించారు. రైఫిల్ గురించి చెప్పగలిగింది చాలా ఉంది, చెబుతాను. కానీ ముందు ఏడో పేజీ.

రాత్రి నిద్ర లేకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, ఇంక నాకెందుకు అనడం, ఒంటరిగా వెళ్ళి తుపాకీ తెచ్చి మంచం కింద పెట్టుకోవడం. ఇవి నాలుగూ మీరు ఒకేచోట రాశారు. మీ మనసుకు కూడా ఏదో తట్టే రాశారేమో అనిపించింది. ఎనభై ఏళ్ళ మనిషి గడియారం మనవడికిస్తే అది ప్రేమే కావచ్చు. బండి అమ్మడం, ఎడ్లు లేని ఇంట్లో బండెందుకని కావచ్చు. రైఫిల్ మీద ఆశ, ఆయనలో ఇంకా మిగిలిన ఉత్సాహమే కావచ్చు. అలా కాకపోవచ్చు కూడా. ఉత్తరం చదివి అది తేల్చే శక్తి నాకు లేదు. ఆయన ఎదురుగా కూర్చుని అడిగితే మీకు తెలుస్తుంది.

సూటిగానే అడగండి. ‘నాన్నా, అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళందరికీ భయం. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా రాదని మానసిక వైద్యులు చెబుతారు, అడిగేవాళ్ళు దొరికితే చాలామందికి గుండె బరువు తగ్గుతుంది కూడా. జవాబు ఏదైనా సరే, నిద్ర పట్టడం లేదన్న సాకుతోనైనా డాక్టరుకి చూపించండి. 14416 అని ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఆయన చేయనంటే మీరే చేసి, ఇంట్లో పరిస్థితి ఇదీ అని చెప్పి సలహా అడగండి. ఒకవేళ ఆయన అవునంటే, ఆ పూట ఆయన్ని ఒంటరిగా వదలకండి.

ఇది తేలేదాకా ఆ రైఫిల్ ఆ గదిలో ఉండకూడదు. ఇక్కడే మీ బహుమతి ఆలోచన మనకు పనికొస్తోంది. ఎలాగో చెబుతాను.

మీరు అనుకున్నట్టు గుట్టుగా చేయడానికి చట్టం ఒప్పుకోదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని మనిషి తుపాకీ పట్టుకుని తిరగకూడదు. అయితే మూడో సెక్షన్‌లోనే ఒక చిన్న వెసులుబాటు ఉంది. మరమ్మతు కోసమో లైసెన్సు రెన్యువల్ కోసమో అయితే, లైసెన్సుదారు పక్కన ఉండగా గానీ, ఆయన రాసిచ్చిన అనుమతి కాగితంతో గానీ, లైసెన్సు లేనివాళ్ళు కూడా తీసుకువెళ్ళవచ్చు. అంటే నాన్నగారు సంతకం చేయనిదే మీరు ఆ రైఫిల్‌ని ఇంటి గుమ్మం దాటించలేరు. దొంగతనంగా కారు డిక్కీలో వేసుకుని వెళ్తూ ఏ చెక్‌పోస్టులోనో దొరికితే మీ ఉద్యోగం, ఆయన లైసెన్సు రెండూ చిక్కులో పడతాయి. పైగా లైసెన్సు పుస్తకంలో అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. మీది ఇప్పుడు ఆంధ్ర, రైఫిల్ తెలంగాణలో. 2014కి ముందు ఒకే రాష్ట్రం కాబట్టి ఎవరికీ ఈ గొడవ తట్టేది కాదు. లైసెన్సు ఎప్పటిదాకా చెల్లుతుందో కూడా మీరు రాయలేదు. 2019 సవరణ తర్వాత గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది, ఆ ధీమాతోనే రెన్యువల్ మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. అన్నిటికంటే ముందు ఆ తేదీ చూడండి.

ఫర్నిచర్ వడ్రంగి సంగతి పూర్తిగా మర్చిపోండి. తుపాకీ మరమ్మతు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న ఆయుధ డీలర్లు హైదరాబాదులో ఉన్నారు, వాళ్ళ దగ్గర పాత పనివాళ్ళు ఇంకా ఉన్నారు. అక్కడికే తీసుకెళ్ళాలి, రసీదు తీసుకోవాలి. లాకర్ మాట చదివి నవ్వొచ్చింది. ఆయుధాలు పెట్టకూడదని రాసి ఉండే లాకర్ ఒప్పందం కాగితాల మీద జనం చేత సంతకాలు పెట్టించేది మీరేనాయె.

ఇక పని సంగతి. బఫింగ్ కొట్టి అద్దంలా చేస్తానన్నాడు చూశారా, ఆ మాట వినగానే నాకు మా సెక్షన్‌లో జరిగిన ఒకటి గుర్తొచ్చింది. ఒక పెద్దమనిషి రెన్యువల్ తనిఖీకి గోనెసంచిలో డబుల్ బారెల్ తెచ్చాడు. పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. పుస్తకంలో నంబరుంది, తుపాకీ మీద లేదు. పాలిష్ పట్టించి పట్టించి నంబరు అరగదీయించేశాడు. తుపాకీ మీద గుర్తింపు నంబరు చెరపడం, మార్చడం ఎనిమిదో సెక్షన్ కింద నేరం. పాపం ఆయనకు అది తెలియనే తెలియదు. ఆ ఫైలు ఎన్నాళ్ళు తిరిగిందో చెప్పను. మీ రైఫిల్ మీద కూడా ఫ్యాక్టరీ ముద్ర, నంబరు ఉంటాయి. పనివాడికి ఇచ్చేముందు వాటిని ఫోటోలు తీసుకోండి. అక్కడ సాండ్‌పేపరు, చక్రం తగలకూడదని రసీదు మీదే రాయించండి. గొట్టం మీద తాతగారి పేరు చెక్కించడం కూడా వద్దు. పాతకాలపు వేట తుపాకులకు భుజానికి ఆనించే చెక్క, అంటే బట్, అడుగున చిన్న వెండి బిళ్ళ ఒకటి పొదిగేవారు, యజమాని పేరు పొడి అక్షరాలు దాని మీద ఉండేవి. కంసాలి చేత అలాంటి బిళ్ళ చేయించి ఇస్తే తుపాకీ పనివాడు చెక్కలో కూర్చోబెడతాడు. ఇనుము జోలికి వెళ్ళక్కర్లేదు.

తుప్పు గురించి కంగారు వద్దు. తుపాకీకి ఉండే నీలం కలిసిన నల్లరంగు పైన పూసిన రంగు కాదు. ఇనుము పైపొరనే ఒక పద్ధతిగా తుప్పు పట్టించి నల్లగా మారుస్తారు. దాన్నే బ్లూయింగ్ అంటారు. దాని మీద చేరిన ఎర్రతుప్పుని నూనె, అతి సన్నని ఉక్కు పీచుతో ఓపిగ్గా రుద్దితే ఎరుపు పోతుంది, నలుపు చాలావరకు నిలుస్తుంది. అలా వచ్చాక అక్కడక్కడా మచ్చలుంటాయి, ఉండనివ్వండి. మొత్తం గీకేసి మళ్ళీ బ్లూయింగ్ చేయించడం రెండో దారి. మెరుస్తుంది గానీ ముద్రల అంచులు కరుగుతాయి, పాతదనం పోతుంది. నేనైతే మొదటిదే చేయిస్తాను.

గొట్టం లోపలి సంగతి వేరు. వెనకటి తూటాల అడుగున మొదట అంటుకునే ప్రైమర్లలో వాడే రసాయనం పేలాక ఉప్పులాంటి పొడిని వదిలేది. అది గాలిలో తేమను లాగి గొట్టాన్ని లోపలి నుంచి తినేసేది. తెలిసిన షికారీలు వేట నుంచి రాగానే గొట్టంలో వేణ్ణీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డ దూర్చేవాళ్ళు. పదకొండేళ్ళు మాల్‌ఖానాలో ఎవరు చేస్తారు ఆ పని? లోపల గుంటలు పడి ఉంటే అవి పూడవు. అందుకని ఇది మళ్ళీ పేలగలదా లేదా అన్నది కంటితో చూసి చెప్పేది కాదు. తూటాని లోపలికి తోసి మూసే బోల్టు మూసినప్పుడు తూటా వెనక ఎంత సందు ఉంటోందో పనివాడు గేజ్ పెట్టి కొలవాలి. అంతవరకు ఎవరూ పేల్చకూడదు. సరదాకి కూడా.

చెక్క దగ్గర మాత్రం మీతో నాకు పేచీ ఉంది. కొత్త చెక్క వేయిస్తానన్నారు. ఈ రకం రైఫిల్‌కి బట్ ఒక ముక్క, గొట్టం కింది చెక్క ఇంకో ముక్క. బట్ లోపల పొడవాటి బోల్టు ఉంటుంది, అది విప్పితే బట్ ఊడి వస్తుంది. కాబట్టి మార్చడం కష్టమేమీ కాదు. కానీ ఆ రాగి తీగ ఎటు పోతుంది? పంది తరిమింది, తాత చెట్టెక్కాడు, వడ్రంగి తీగ చుట్టాడు. మీ ఇంట్లో నలుగురికీ తెలిసిన కథంతా ఆ అంగుళం మేర ఉంది. ఫ్యాక్టరీ ఇలాంటి రైఫిళ్ళు లెక్కలేనన్ని చేసింది. సైన్యం వాడే .303 తూటా మామూలు జనం చేతికి పోకూడదని బ్రిటిష్ వాళ్ళు పెట్టిన ఆంక్షల వల్లే .315 మన దేశంలో ఇంతగా పాకింది. అందులో మీ తాతగారిది ఏదని అడిగితే తీగున్నది అనే కదా చెబుతారు. పగులు లోపల జిగురు ఎక్కించి, తీగని విప్పకుండా, మీద మసి మాత్రం తుడిపించండి. చెక్క మీద సొట్టలుంటే తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి పొంగి పైకి వస్తాయి. తర్వాత మరిగించిన అవిసె నూనెను అరచేత్తో పల్చగా రుద్దడం, ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం. పది పన్నెండు పూతలు పడతాయి, పూతకో రోజు అనుకోండి. వార్నిష్ కొట్టి వారంలో ఇచ్చేస్తానంటే వద్దనండి. ఒక మాట, ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి తాడు మీద ఆరేయాలి.

పేలే స్థితికి తేవాలని పట్టుబడితే మాత్రం తీగ చుట్టిన బట్‌తో పేల్చడం ప్రమాదం. అప్పుడు కొత్త బట్ చేయించి పాతదాన్ని విడిగా దాచుకోండి. పాతదాన్ని కోయించి పొట్టి చేయించడం, కొత్త ఆకారం చెక్కించడం మాత్రం చేయకండి. కోసిన చెక్క మళ్ళీ రాదు.

అన్నయ్యగారి ఆలోచన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇక్కడి నుంచి పంపాలంటే ఎగుమతి లైసెన్సు, అక్కడ దిగాలంటే అమెరికాలో ఆయుధాల వ్యవహారం చూసే ఏటీఎఫ్ దిగుమతి పర్మిట్. అరవై ఏళ్ళ .315 కోసం ఆ తూటాలు అంగట్లో దొరకని దేశంలో ఇంత తంటా ఎందుకు? స్కోప్ పెట్టాలంటే గొట్టం వెనకుండే ఇనుప భాగమైన రిసీవర్‌కి రంధ్రాలు చేయాలి, అది కూడా తిరిగి పూడ్చలేనిదే. ఇక్కడే ఉంచి మనవడికి ఇద్దామన్నా లైసెన్సుకి ఇరవై ఒకటి నిండాలి, అబ్బాయి విదేశీయుడు కూడా. కానీ అన్నయ్య అడిగింది నిజంగా రైఫిలేనా అని నాకు అనుమానం. తండ్రి ఎనభయ్యో ఏట దూరంగా ఉన్న పెద్దకొడుక్కి ఇంట్లో తన వాటా ఏదో ఒకటి కనబడాలని ఉంటుంది. వెండి బిళ్ళ ఆయన్ని చేయించమనండి. ఖర్చు కూడా ఆయన్నే భరించమంటే సంతోషిస్తారు.

తమ్ముడిది అసలైన కష్టం. పంట పోతోంది. అయితే లైసెన్సున్న రైఫిల్ ఉంటే పందుల్ని కొట్టొచ్చన్నది తప్పు లెక్క. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. పంటని పాడుచేసే జంతువును కొట్టడానికి అటవీశాఖ నుంచి అనుమతి కావాలి, ఎవరు కొట్టాలన్నది కూడా ఆ అనుమతిలోనే ఉంటుంది. తమ్ముడు రాత్రి చేలోకి దిగి ఒక్కటి పేల్చినా కేసు నాన్నగారి లైసెన్సు మీదికి వస్తుంది. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోమనండి, పంట నష్టానికి పరిహారం కూడా అక్కడే అడగమనండి. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం కట్టనివ్వకండి. మనుషులు పోతున్నారు.

మరి తర్వాత ఎవరికి? ఇది ఇప్పుడే తేల్చుకునే వీలుంది, చాలామందికి తెలియదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకి డెబ్బై నిండినా, ఆయుధం ఆయన దగ్గర ఇరవై అయిదేళ్ళుగా ఉన్నా, బతికుండగానే వారసుల్లో ఒకరిని ఎంచుకుని వాళ్ళ పేరు మీదికి లైసెన్సు కోరవచ్చు. మీ నాన్నగారికి రెండూ సరిపోతాయి. కూతురు కూడా వారసురాలే, అంటే మీరు కూడా. కలెక్టరుగారికి, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కి దరఖాస్తు. ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్, ఆయుధం జాగ్రత్తగా వాడటంలో శిక్షణ, పోలీసు విచారణ అన్నీ ఉంటాయి. నెలలు పడుతుంది. అలా చేయకుండా వదిలేస్తే, ఆయన తర్వాత ఆ రైఫిల్ ఇంట్లో ఉంచుకునే హక్కు ఎవరికీ ఉండదు. ఆలస్యం చేయకుండా స్టేషన్లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, అప్పుడు వారసత్వం కోసం తిరగాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఎవరికీ అది గుర్తుండదు, మంచం కింద అలాగే ఉండిపోతుంది. అలా చిక్కుల్లో పడ్డ ఫైళ్ళు నేను లెక్కలేనన్ని చూశాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నాన్నగారితో మాట్లాడాక ఆయన మనసు కుదుటగానే ఉందనీ, డాక్టరు కూడా అదే అన్నారనీ తెలిస్తే, పూర్తిగా బాగు చేయించి, లైసెన్సు మీ పేరుకో తమ్ముడి పేరుకో మార్పించుకోవచ్చు. తమ్ముడి పేరైతే పందుల ఆశ ఆయన్ని రోజూ లాగుతుంది, అది ఆలోచించుకోండి. మీ పేరైతే రైఫిల్ మీ చిరునామాకి రావాలి. అపార్ట్‌మెంట్‌లో, బ్యాంకుకి వెళ్ళొచ్చే మనిషి, దాన్ని ఎక్కడ పెట్టుకుంటారు? మీ ఆయన, పిల్లలు ఏమంటారు? ఉత్తరంలో వాళ్ళ మాటే లేదు.

రెండోది, పేలకుండా శాశ్వతంగా పనికిరాకుండా చేయించి జ్ఞాపకంగా గోడకి పెట్టుకోవడం. ఇదీ లైసెన్సు ఇచ్చే అధికారి అనుమతితో, లైసెన్సున్న పనివాడి చేతనే జరగాలి, హాక్సా బ్లేడుతో ఇంట్లో చేసేది కాదు. భయం పోతుంది. కానీ నాన్నగారికి అది అవమానంగా తోచవచ్చు. తన తండ్రి రైఫిల్‌ని చచ్చిన పీనుగను చేశారని బాధపడే పెద్దలున్నారు. ఆయన్ని అడక్కుండా చేయకండి.

మూడోది, బాగు చేయించి డీలరు దగ్గరే డిపాజిట్‌లో ఉంచడం. నెలనెలా కొంత అద్దె కట్టాలి. ఆయన మనసు కుదుటపడలేదని మీకు అనిపిస్తే ఇదొక్కటే దారి. వెండి బిళ్ళను మాత్రం పండగ రోజున ఆయన చేతికి ఇవ్వొచ్చు, ఆయన చూసి ఊ అన్నాకే దాన్ని బట్‌లో కూర్చోబెట్టించండి.

ఏ దారైనా మొదటి అడుగు ఒకటే. గుట్టు మానేసి, ఈ ఆదివారం వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, ‘నాన్నా, తాత రైఫిల్ బాగు చేయించడానికి హైదరాబాదు తీసుకెళ్తాను, అనుమతి కాగితం రాసివ్వండి’ అని అడగండి. రైఫిల్ నంబరు, లైసెన్సు నంబరు, మీ పేరు, డీలరు పేరు, మరమ్మతు కోసం అన్న మాట, తేదీ, సంతకం ఉంటే చాలు. వేరే డ్రాఫ్టు అక్కర్లేదు. ఒంట్లో ఓపిక ఉంటే ఆయన్నే కారులో కూర్చోబెట్టుకుని వెళ్ళండి, అప్పుడు కాగితం కూడా అవసరం లేదు. తీగ ఉంచాలా తీసేయాలా అన్నది నన్ను అడిగారు గానీ అడగాల్సింది ఆయన్ని. పనివాడి ముందు స్టూలు వేసుకుని కూర్చుని, ఇక్కడ ఇలా కాదయ్యా అని ఆయన చెబుతుంటే చూడాలని నాకు ఉంది. మంచి పనివాడైతే తక్కువలో తక్కువ రెండు నెలలు పట్టిస్తాడు. ఆ రెండు నెలలూ రైఫిల్ మంచం కింద ఉండదు. ఎవరూ ఆయన్నుంచి లాక్కున్నట్టూ ఉండదు. డాక్టరుకి చూపించడానికి, పక్కన కూర్చుని మాట్లాడటానికి మీకు ఆ సమయం దొరుకుతుంది. రైఫిల్ ఇప్పుడు ఇవ్వనని ఆయన మొండికేస్తే, అది కూడా ఒక జవాబే అనుకోండి. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకీ, స్టేషన్ ఎస్సైకీ విషయం చెప్పి డిపాజిట్ చేయించండి. ఆయనకు కోపం వస్తుంది. రానివ్వండి.

ఇంకొకటి. హాల్లో తాతగారు కొట్టిన దుప్పి కొమ్ములున్నాయి, వాటిని కూడా పాలిష్ చేయించి డాలస్ పంపనా అని చివర్లో అడిగారు. వాటికి అటవీశాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉందేమో బీరువాలో వెతకండి. ఉన్నా సరే, అవి వారసత్వంగా దక్కాల్సినవే తప్ప పార్సిల్‌లో విదేశానికి పంపేవి కావు. ధ్రువపత్రం లేకపోతే వాటిని కదపకుండా ముందు ఒక లాయరుని కలవండి.

ఆదివారం దాకా ఆగకుండా ఇవాళే చేయాల్సింది ఒకటుంది. రైఫిల్‌తోపాటు తూటాలు కూడా హార్లిక్స్ డబ్బాలో ఆ గదిలోనే ఉన్నాయని ఆరో పేజీలో రాశారు. తమ్ముడికి ఫోన్ చేసి, నాన్నతో చెప్పే, ఆ డబ్బాని వేరే గదిలో తాళం ఉన్న బీరువాలో పెట్టి తాళంచెవి తన దగ్గరే ఉంచుకోమనండి. పాతవి కదాని కాలువలో పారేయనివ్వకండి, లైసెన్సు పుస్తకంలో వాటికీ లెక్క ఉంటుంది. డీలరు దగ్గరికి వెళ్ళేటప్పుడు అవి కూడా అప్పగించి రసీదు తీసుకోవచ్చు, అనుమతి కాగితంలో వాటి సంఖ్య కూడా రాయించండి. ఆ కాగితం మీద సంతకం పెడుతూ నాన్నగారు ఏమన్నారో వీలైతే నాకు ఒక ముక్క రాయండి.